రంగూన్‌లో పుట్టానని రాయడానికి భయపడకండి

ప్రశ్న: మా నాన్నమ్మ 1951లో రంగూన్‌లో పుట్టింది. ముత్తాతది చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) తాలూకాలో ఒక పల్లె. కుర్రతనంలోనే బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్ళి రేవులో పనిచేశాడు. 1965లో కుటుంబమంతా ఓడలో తిరిగొచ్చి శ్రీకాకుళంలో కుదురుకున్నారు. నాన్నమ్మ పెళ్ళి, కాపురం, పిల్లలు అన్నీ అక్కడే. తాతయ్య పోయాక నాన్నమ్మని మేం విజయనగరం తెచ్చేసుకున్నాం. పింఛను, రేషన్ కార్డు ఇక్కడికి మార్పిద్దామని రెసిడెన్స్ సర్టిఫికెట్‌కి వెళ్ళాం. పుట్టిన ఊరు రంగూన్ అనగానే, "పరాయి దేశంలో పుట్టినవాళ్ళకి ఇవ్వలేం, ఇండియన్ అని రుజువు తెండి" అన్నారు. నాన్నమ్మ ట్రంకు పెట్టె తిత్లీ తుఫానులో తడిసిపోయింది. ముత్తాత పేరు, పిల్లల పేర్లు ఉన్న ఇంగ్లీషు కాగితం ఒకటి (మీద గుండ్రటి ముద్ర ఉంది), బర్మా లిపిలో ఒక చిన్న పుస్తకం, తాతయ్య ఇంటిస్థలం పట్టా మిగిలాయి. నాన్నమ్మ పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. మా వీధిలో ఒకాయన, శ్రీకాకుళంలోనే పుట్టినట్టు సర్టిఫికెట్ చేయిస్తానని డబ్బు అడుగుతున్నాడు. నాన్నమ్మకి రాత్రుళ్ళు నిద్ర లేదు. "మళ్ళీ నన్ను ఓడెక్కించీస్తారేట్రా" అని అడుగుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ పెద్దావిడకి ధైర్యం చెప్పండి. ఆవిడ చాటుమాటుగా గట్టు దాటి వచ్చిన మనిషి కాదు. భారత ప్రభుత్వానికి తెలిసి, కాగితం చేతిలో పెట్టుకుని, ఓడ దిగి వచ్చిన మనిషి. అలా వచ్చిన కుటుంబాలు మన ఉత్తరాంధ్రలో వేలల్లో ఉన్నాయి. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అంటే తెలియనివాళ్ళుండరు. 1962 మార్చిలో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. తర్వాత కొట్లూ గోదాములూ జాతీయం చేశారు. 1964 మేలో యాభై, వంద చాట్ల (చాట్ అంటే అక్కడి రూపాయి) నోట్లు చెల్లవన్నారు. తరాల తరబడి అక్కడ చెమటోడ్చిన మనవాళ్ళు ఉన్నదంతా వదులుకుని వచ్చేశారు. వాళ్ళకోసం కేంద్రప్రభుత్వం ఒక తేదీ కూడా పెట్టింది: 1963 జూన్ 1, ఆ తర్వాత బర్మా నుంచి తిరిగొచ్చిన భారత సంతతివారిని కాందిశీకులుగా గుర్తించి కేంద్ర ఉద్యోగాల్లో వయోపరిమితి సడలించారు. మీ నాన్నమ్మగారు వచ్చింది 1965లో. అంటే ఆవిడ ఆ లెక్కలోని మనిషే.

కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క మాట మీదే నడుస్తుంది. రంగూన్‌ని దాచకండి. మీ దగ్గరున్న కాగితాల్లో అన్నిటికన్నా గట్టివి రంగూన్ నుంచి వచ్చినవే. పుట్టిన ఊరు మార్చి రాశారంటే వాటిని మీ చేతులతో మీరే పనికిరాకుండా చేసుకున్నట్టు.

ఆ వీధి పెద్దమనిషికి ఇవాళే వద్దని చెప్పెయ్యండి. శ్రీకాకుళంలో పుట్టినట్టు సర్టిఫికెట్ పుట్టించడం నేరం. పైగా రేపు ఏ అధికారైనా మీ దగ్గరున్న ఆ పాత ఇంగ్లీషు కాగితాన్నీ, ఈ కొత్త సర్టిఫికెట్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అబద్ధం ఏదో నిజం ఏదో తేల్చుకోలేక రెండిటినీ నమ్మరు. అరవయ్యేళ్ళుగా తప్పు చెయ్యని మనిషిని డెబ్భయ్యో పడిలో తప్పుచేసినదాన్ని చేస్తామా? ఇలా భయం మీద బేరం పెట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇప్పుడు అసలు తగువు ఎక్కడొచ్చిందో చూద్దాం. ఈ మనిషి ఎవరు, ఎక్కడ ఉంటున్నారు, ఏ దేశ పౌరురాలు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మీరు వెళ్ళింది రెండో ప్రశ్నకి జవాబు కోసం, వాళ్ళు అడిగింది మూడోది. రెసిడెన్స్ సర్టిఫికెట్‌లో తేల్చాల్సింది ఆవిడ ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే. దానికి పుట్టిన ఊరితో పని లేదు. మీ రసీదు ఒకసారి తీసి చూడండి. కులం, స్థానికత, పుట్టిన తేదీ మూడూ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ ఒకటుంది. సచివాలయాల్లో హడావుడిలో దానికి పెట్టేస్తుంటారు. అదే జరిగుంటే అడిగినవాళ్ళదీ తప్పు కాదు, మీదీ తప్పు కాదు. ఉత్త రెసిడెన్స్‌కి మళ్ళీ పెట్టండి. ఇంటి పన్ను రసీదో కరెంటు బిల్లో మీ నాన్నగారి పేరున ఉంటుంది కదా, దానితోపాటు ఆయన ఈవిడ కొడుకని చూపించే పాత రేషన్ కార్డు జత చెయ్యండి. వీఆర్వో విచారణకి వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో ఉండేలా చూడండి, పక్కింటివాళ్ళతో రెండు ముక్కలు చెప్పించండి. ఆధార్‌లో చిరునామా కూడా కుటుంబ పెద్దగా మీ నాన్నగారి పేరుమీద, బంధుత్వం రుజువుతో మార్పించుకోవచ్చు.

అప్పటికీ కాదంటే, ఏ కారణంతో ఇవ్వడం లేదో కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. నోటిమాటగా కాదన్నదాన్ని రాతలో పెట్టాల్సివస్తే చాలామంది ఇంకోసారి ఆలోచిస్తారు.

అయినా నేను మిమ్మల్ని ఇక్కడితో ఆపమనను. ఈ సర్టిఫికెట్ గండం గడిచినా, మూడో ప్రశ్న మళ్ళీ ఏదో ఒక రోజు, ఏదో ఒక బల్ల దగ్గర ఎదురవుతుంది. పౌరసత్వం మీద ప్రశ్న లేచిందంటే రుజువు చేసుకునే బరువు మనిషి మీదే ఉంటుంది, సర్కారు మీద కాదు. ఆవిడ మాట చెప్పగలిగిన స్థితిలో ఉండగానే కాగితాలన్నీ ఒక వరసలో పెట్టేసుకోవాలి. ఆధార్ ఉంది కదా అనుకోకండి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆ చట్టం తొమ్మిదో సెక్షనే చెబుతోంది.

ఆ ఇంగ్లీషు కాగితం సంగతి. మీరు చెప్పిన గుర్తుల్నిబట్టి అది రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చిన గుర్తింపు పత్రం అయ్యుండాలి. పైభాగంలో ఎంబసీ పేరు, నేషనాలిటీ అనే గడి, తేదీ, సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఉంటే అదే మీ ఇంటి బంగారం. బర్మా కాందిశీకులకి ఉద్యోగాల్లో సడలింపు ఇచ్చేటప్పుడు కేంద్రం ఒప్పుకున్నవి రెండే రుజువులు: రంగూన్ ఎంబసీ ఇచ్చిన ఈ గుర్తింపు పత్రం, లేదా ఉంటున్న జిల్లా మెజిస్ట్రేటు ఇచ్చిన ధ్రువపత్రం. మొదటిది మీ చేతిలోనే ఉన్నట్టుంది. రెండోదానికి అదే ఆధారం అవుతుంది.

బర్మా లిపిలోని చిన్న పుస్తకాన్ని పనికిరానిదని పారెయ్యకండి. బర్మా పౌరసత్వం తీసుకోని మనవాళ్ళకి అక్కడి ప్రభుత్వం విదేశీయుల నమోదు పత్రం, అంటే ఎఫ్.ఆర్.సి. ఇచ్చేది. అది అదే అయితే, ఆ దేశమే వీళ్ళని తనవాళ్ళు కారని రాసిచ్చినట్టు. జాతీయత దగ్గర భారతీయులని ఉందేమో తెలిసినవాళ్ళచేత చదివించి, అనువాదం నోటరీ చేయించండి. బర్మా నుంచి వచ్చిన పెద్దల్లో ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంకో పదేళ్ళకి ఉండరు. ఆ పని ముందు చెయ్యండి.

చట్టం లెక్క ఇలా ఉంటుంది. మీ ముత్తాత పుట్టింది చికాకోల్ తాలూకాలో. పరాయి దేశంలో ఉన్న ఇలాంటివాళ్ళు అక్కడి భారత ప్రతినిధి దగ్గర పేరు నమోదు చేయించుకుంటే భారత పౌరులేనని రాజ్యాంగం ఎనిమిదో అధికరణం చెబుతుంది. 1950 జనవరి 26 తర్వాత, 1992 డిసెంబరు 10కి ముందు బయటి దేశంలో పుట్టిన బిడ్డకి, పుట్టేనాటికి తండ్రి భారత పౌరుడైతే చాలు, వంశక్రమంగా పౌరసత్వం వస్తుంది. 1951లో పుట్టిన మీ నాన్నమ్మగారు ఈ దారిలో వస్తారు. అందుకే ముత్తాత పేరు నమోదైన తేదీ ఎక్కడైనా కనిపిస్తుందేమో భూతద్దం పెట్టి మరీ వెతకండి. ముందుముందు ఆవిడకి పాస్‌పోర్టు పెట్టాల్సివస్తే, పౌరసత్వం ఎలా వచ్చిందన్న గడిలో జన్మతః అని టిక్కు పెట్టకండి, వంశక్రమం అని పెట్టండి. పుట్టిన దేశం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ గురించీ మీ నాన్నగారి గురించీ కంగారు అక్కర్లేదు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఈ దేశంలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, దాదాపు అందరూ పుట్టుకతోనే పౌరులు. మీ నాన్నగారు శ్రీకాకుళంలో ఆ మధ్యకాలంలో పుట్టుంటే ఆయనకి తిరుగులేదు, ఆయన బిడ్డలుగా మీకూ లేదు.

తడిసిన కాగితాల విషయంలో ఒక జాగ్రత్త. అతుక్కుపోయినవాటిని గోరుతో లాగకండి. ప్లాస్టిక్ కవరుకి అంటుకుపోయి ఉంటే కవరు కత్తిరించండి గాని కాగితాన్ని పీకకండి. ఎండలో వద్దు, నీడలో, అచ్చులేని తెల్లకాగితాల మధ్య పెట్టి ఆరనివ్వండి. లామినేషన్ అస్సలు చేయించవద్దు. దాని వేడికి పాత సిరా, ఫోటో, ముద్ర దెబ్బతింటాయి, వెనకవైపు పరీక్షించడానికీ వీలుండదు. ముద్ర వెలిసిపోయి ఉంటే పగటి వెలుతురులో కాగితాన్ని కాస్త వాల్చి పట్టుకుని, పక్కనుంచి వెలుగు పడేలా రంగుల ఫోటో తియ్యండి. మామూలు కంటికి కనపడని అక్షరాల ఒత్తు అందులో తేలుతుంది. రెండువైపులా స్కాన్ చేయించి, నకళ్ళని గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించండి. ఒరిజినల్ చూపించండి గాని ఎవరి దగ్గరా వదలకండి. తప్పదంటే వివరాలన్నీ రాసిన రసీదు తీసుకోండి.

ఇక ఊర్ల పేర్లు. ఇది మన జిల్లాలవాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మీ ముత్తాత కాగితంలో చికాకోల్ తాలూకా, గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉండొచ్చు. చూసిన గుమాస్తా గంజాం ఒడిశాలో ఉంది కదా అంటాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాంలోనివే. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. అదే పల్లె, అదే గడప, జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది. విజయనగరం జిల్లా అయితే 1979 జూన్ 1 దాకా లేనేలేదు. అంటే 1965 నాటి మీ కుటుంబం రికార్డు శ్రీకాకుళం కలెక్టరేట్లో వెతకాలి గాని విజయనగరంలో కాదు. ఈ తేదీలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి దరఖాస్తుకి జత చెయ్యండి. చూసే అధికారికి అరగంట పని తగ్గుతుంది, అనుమానమూ పోతుంది.

మనిషి పేరుదీ ఇదే కథ. అప్పలనరసమ్మ అనే పేరుని రంగూన్ గుమాస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషులో కొడితే, అది ఇక్కడికొచ్చి అప్పలనర్సమ్మ, ఎ. నరసమ్మ, చివరికి ఒట్టి నర్సమ్మ అయిపోతుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరూ మారుతుంది. మీ నాన్నమ్మగారి పేరు ఏ కాగితంలో ఎలా ఉందో, తండ్రి పేరు, భర్త పేరు ఎలా ఉన్నాయో వరసగా రాసి, ఇవన్నీ ఒకే మనిషివని నోటరీ ముందు అఫిడవిట్ చేయించండి. అయితే అఫిడవిట్ ఒక్కటే సరిపోదు. పుట్టింటి పేరునీ అత్తింటి పేరునీ కలిపే పాత కాగితం ఒక్కటైనా వెనకాల ఉండాలి. తాతయ్యగారి పట్టా ఎవరి పేరున ఉందో, అందులో భార్య పేరు రాశారో చూడండి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని పడుంటే, చేతిలో గట్టి ఆధారం లేకుండా తొందరపడి మార్పించకండి. తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం. ఎంబసీ కాగితంలో ఉన్న తేదీ ఏదో తేలాకే ఆ పని.

పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయంటారా? ఆవిడ తమ్ముళ్ళెవరైనా శ్రీకాకుళంలో చదువుకుని ఉంటే, వాళ్ళ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోనో బడి అడ్మిషన్ రిజిస్టరులోనో తండ్రి పేరు, పుట్టిన ఊరు ఉంటాయి. హెడ్మాస్టరుని అడిగితే నకలు ఇస్తారు. ఒకే తండ్రి బిడ్డలని చూపించడానికి అది బాగా పనికొస్తుంది. ఓటు వయసు అప్పట్లో 21 కాబట్టి 1972 తర్వాతి ఓటర్ల జాబితాల్లో ఆవిడ పేరు ఉండాలి. సర్టిఫైడ్ నకలు ఎన్నికల నమోదు అధికారి దగ్గర అడగండి. ఇల్లో స్థలమో రిజిస్టరు అయ్యుంటే సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు దొరుకుతుంది. 1983కి ముందువి కంప్యూటర్లో రావు, పుస్తకాలు తిరగేయించాలి. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్ళ కోసమే 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు పెట్టారు. ముత్తాతగారో తాతయ్యగారో అందులో సభ్యులై ఉంటే షేరు పత్రం, సభ్యత్వం నంబరు ఏ పాత డైరీలోనైనా ఉండొచ్చు. పునరావాసం కింద అప్పో స్థలమో ఇచ్చుంటే ఆ ఫైలు కోసం శ్రీకాకుళం కలెక్టరేట్‌కి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫైలు లేదని జవాబొచ్చినా దాచుకోండి, మీరు వెతికారన్నదానికి అది సాక్ష్యం.

ఇంత వెతికినా ముత్తాత నమోదు వివరం దొరకలేదనుకోండి, అప్పుడూ దారి మూసుకుపోదు. భారత సంతతి మనిషి ఏడేళ్ళు ఇక్కడ నివాసం ఉంటే పౌరసత్వ చట్టం 5వ సెక్షన్ కింద నమోదు కోరవచ్చు. భారత పౌరుణ్ణి పెళ్ళాడి ఏడేళ్ళు ఇక్కడున్నవారికీ అదే సెక్షన్‌లో వేరే వీలుంది. తల్లిదండ్రుల్లో ఒకరైనా అవిభక్త భారతదేశంలో పుట్టినవారైతే భారత సంతతే, ముత్తాత చికాకోల్ పుట్టుక ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే ఇది ఆఖరి మెట్టు. పౌరసత్వం కోరుతూ దరఖాస్తు పెట్టడమంటే ఇప్పుడు పౌరురాలిని కానని ఒప్పుకున్నట్టే అవుతుంది. ఉన్న కాగితాలు చూపించకుండా, వకీలుని అడక్కుండా ఆ దరఖాస్తు మీద ఆవిడ వేలిముద్ర వేయించకండి. 2019 సవరణ చట్టం కింద పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. అది పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చిన కొందరికి మాత్రమే.

వకీలుకి డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న బెంగ వద్దు. ఆడవాళ్ళకి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

పింఛను నెలనెలా అందుతూనే ఉండేలా చూడండి, మార్పిడి పూర్తయ్యేదాకా పాత చిరునామా మీదే ఉండనివ్వండి. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే కనుపాపతోనో ముఖంతోనో ప్రయత్నించమని అడగండి. ఆవిడని కౌంటర్ల చుట్టూ తిప్పకండి. ఒకసారి తీరిగ్గా కూర్చోబెట్టి ఓడ పేరు, దిగిన రేవు, మొదట ఉన్న ఇల్లు, కూడా వచ్చినవాళ్ళ పేర్లు ఆవిడ నోటితోనే చెప్పించి ఫోన్లో రికార్డు చెయ్యండి. అందులో వచ్చే ప్రతి పేరూ ఒక రికార్డు వెతకడానికి ఆచూకీ, ప్రతి తోటి ప్రయాణికుడూ ఒక సాక్షి.

ఫైలు సిద్ధమయ్యాక సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మీ నాన్నగారి చేత అర్జీ ఇప్పించండి. రెసిడెన్స్ సర్టిఫికెట్ ఆగిందన్న సంగతి విజయనగరంలో, బర్మా కాందిశీకురాలిగా ధ్రువపత్రం కావాలన్న విన్నపం కూడా ఇక్కడే, ఎందుకంటే ఆవిడ ఇప్పుడు ఉంటున్నది ఈ జిల్లా. ఎంబసీ కాగితం నకలు అన్నిటికన్నా పైన పెట్టండి. అర్జీ మొదటి వాక్యంలోనే 1951లో రంగూన్‌లో పుట్టి, 1965లో వచ్చిన మనిషని రాయండి. అర్జీ నంబరు తీసుకున్నాక నాకు మళ్ళీ రాయండి, ఎంబసీ కాగితం మీద ఏముందో కూడా తెలియజేయండి. నేషనాలిటీ గడిలో ఉన్నదాన్నిబట్టి తర్వాతి అడుగు చెబుతాను.